పన్నెండు గాట్ల కాగితం

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో, ఒక పాత పెంకుటింట్లో మా ఆసుపత్రి ఉండేది. దాన్ని ఆసుపత్రి అనొచ్చో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎనిమిది మంచాలు, ఒక మందుల బీరువా, ఒక వంటిల్లు. పెద్దాసుపత్రుల్లో "ఇక మా చేతిలో ఏం లేదు, ఇంటికి తీసుకుపోండి" అని పంపేసిన క్యాన్సర్ రోగులు మా దగ్గరికి వచ్చేవాళ్లు. కొందరు మా మంచాల మీద ఉండేవాళ్లు. ఇంట్లోనే ఉంటామన్నవాళ్లకు రెండు రోజులకొకసారి మందు పంపేవాళ్లం. రోగం కుదర్చడం మా వల్ల కాదు. నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, పోయేదాకా పక్కన ఉండటం, అంతే మా పని. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చే చందాలతో నడిచేది.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను అక్కడ నర్సుగా చేరాను. మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. "మంచిగ గవర్నమెంటు దవాఖాన్ల చేరక, చచ్చేటోళ్ల ఇంట్ల నీకేం పని బిడ్డా?" అని నెలకోసారైనా అడిగేవాడు.

"చచ్చేటోళ్లకు నొప్పి ఉండదా బాపూ?" అని నేను విరుచుకుపడేదాన్ని. నాకు నోరెక్కువ. ఇంటా బయటా అందరూ ఆ మాట అనేవాళ్లు, అబద్ధం కాదు.

పని నడిపేది నలుగురం. రిటైరైన డాక్టరమ్మ, నేను, వార్డు చూసే ఆయమ్మ, సైకిల్ మీద ఇళ్లకు మందు మోసుకెళ్లే అన్న. డాక్టరమ్మ రాసిన మందు కలపడం, సీసాలో పోయడం, సీసాకు కాగితం అంటించడం నా వంతు.

ఆ కాగితం సంగతి కాస్త చెప్పాలి. ఇప్పటివాళ్లు చూసి ఉండరు. అప్పట్లో దవాఖానాల్లో మందు నీళ్లలా సీసాలో పోసి ఇచ్చేవాళ్లు. ఏ పూటకు ఎంత తాగాలో చదువురానివాళ్లకు కూడా తెలియాలి కదా. అందుకని సన్నటి కాగితం ముక్కను మడిచి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, మైదా ఉడికించిన జిగురుతో సీసా పక్కన నిలువుగా అంటించేవాళ్లం. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక పూట మందు. దగ్గు మందుకు ఆరు గాట్లు. నొప్పి మందుకు పన్నెండు, అంటే నాలుగు గంటలకొకసారి చొప్పున రెండు రోజులకు. ఈ నొప్పి మందు నల్లమందు నుంచి తీసేది, బీరువాలో తాళం వేసి పెట్టేది. సీసాలు మాత్రం ఒకటే సైజు, కాగితాలు ఒకటే పొడవు. గాట్ల మధ్య దూరమే తేడా.

ఆ రోజు పొద్దున సైకిల్ అన్న ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక నన్నే తొందరపెట్టాడు.

"జల్ది కానీ సిస్టర్, ఎండ ఎక్కుతున్నది."

నాకు ఒళ్లు మండింది. "ఏడింటికి రావాల్సినోడివి ఎనిమిదింటికి వచ్చి నా మీద ఎగురుతున్నవా? ఎండ నీకొక్కనికేనా?"

"టైరు పంచరయింది అంటే ఇంటలేవు గద నువ్వు!"

"నీ టైరు రోజూ పంచరే. నీ బుర్ర ఎప్పుడో పంచర్."

ఇట్లా లొల్లి పెట్టుకుంటూనే నేను కాగితాలు అంటిస్తున్నాను. బల్ల మీద ఇంకా రెండు సీసాలు మిగిలాయి. ఒకటి బహదూర్‌పురాలో ఉండే తాపీమేస్త్రికి పంపాల్సిన నొప్పి మందు. రెండోది మా వార్డులోనే ఉన్న ముసలమ్మకు దగ్గు మందు. నోటికి పని పడితే నా చేయి ఏం చేస్తుందో నాకే తెలియదు. సైకిల్ అన్న ఇళ్లకు పోవాల్సిన సీసాలు సంచిలో వేసుకుని, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

తొమ్మిదీ ఇరవైకి ఆయమ్మ వార్డులోంచి దగ్గు మందు సీసా పట్టుకుని వచ్చింది.

"గిదేంది సిస్టర్? ఒక్క పూటకు గింతేనా? చెంచ గూడ నిండలే. ముసలవ్వ నన్ను తిడుతున్నది."

సీసా తీసుకుని చూశాను. గాట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. లెక్కపెట్టాను. పన్నెండు.

దగ్గు మందు మీద పన్నెండు గాట్ల కాగితం ఉందంటే ఆరు గాట్లది ఎక్కడికి పోయినట్టు? మేస్త్రి నొప్పి మందు మీదికి పోయింది. ఆ సీసాలో ఒక గాటు దాకా పోస్తే పూటకు రెట్టింపు మందు పడుతుంది.

మేస్త్రికి యాభై అయిదేళ్లుంటాయి. గొంతులో పుండు. ఒకప్పుడు ఇటుకల తట్ట ఒంటి చేత్తో ఎత్తిన మనిషట, నేను చూసేనాటికి ఎముకల గూడు. ఆ ఒంట్లో రెట్టింపు మందు పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఆయన పూటలు నాకు నోటికి వచ్చు. ఆరు, పది, రెండు, మళ్లీ ఆరు, పది, రెండు. పాత సీసా పొద్దున ఆరింటితో అయిపోతుంది. కొత్త సీసా మొదలయ్యేది పదింటికి.

ఇంకా నలభై నిమిషాలుంది. డాక్టరమ్మ పెద్దాసుపత్రికి వెళ్లింది, మధ్యాహ్నం దాకా రాదు. సైకిల్ అన్న ఆ సీసా ఇచ్చేసి ఏ గల్లీలో తిరుగుతున్నాడో దేవుడికే ఎరుక. మేస్త్రి ఉండే గల్లీలో ఎవరికీ ఫోను లేదు.

"ఏమాయె సిస్టర్? మొకం గట్లయిందేంది?" అంది ఆయమ్మ.

చెప్పాను. ఆయమ్మ నోటి మీద చేయి వేసుకుంది. తర్వాత నన్ను భుజం పట్టి గుమ్మం వైపు తోసింది. "నిలవడ్డవేంది? ఉరుకు! ఈడ నేను చూసుకుంట."

ఒక పన్నెండు గాట్ల కాగితం రుమాలులో మడిచి పెట్టుకుని రోడ్డెక్కాను. బస్సు కోసం చూసే ఓపిక లేదు. మార్కెట్ మూలన ఒక పెద్దాయన రిక్షా మీద కునుకు తీస్తున్నాడు. తట్టి లేపాను.

"బహదూర్‌పురా, భాయ్! జల్ది! ఒక మనిషి పానం మీదికి వచ్చింది."

"బైఠో అమ్మా" అన్నాడు. పాపం, వయసుకు మించి తొక్కాడు. ఎక్కుడు రోడ్డు వచ్చిన చోటల్లా నేను దిగి వెనక నుంచి తోశాను. చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని రిక్షా తోస్తున్న నర్సమ్మను చూసి దారిలో జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. చార్మినార్ దగ్గర తోపుడు బళ్ల మధ్య ఇరుక్కుని చాలా సేపు కదల్లేదు. గాజుల కోసం వచ్చిన పెళ్లివాళ్లు రోడ్డు మీదే నిలబడి బేరాలాడుతున్నారు. "జర్ర జరగుండ్రి!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. గడియారం చూస్తే పది కావడానికి ఎనిమిది నిమిషాలు.

దూద్‌బౌలి వైపు తిరిగామో లేదో ఎదురుగా జనాజా వచ్చింది, ముస్లింల శవయాత్ర. ముందు నలుగురు, వెనక ఓ ముప్పై మంది, చప్పుడు లేకుండా గబగబా నడుస్తున్నారు. రిక్షా పెద్దాయన నన్నొక మాట అడగకుండానే బండి పక్కకు ఆపి దిగిపోయాడు. జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, వెళ్లి పాడెకు భుజం పట్టాడు. శవం ఎదురైతే, అది ఎవరిదైనా సరే, నాలుగడుగులు మోయడం వాళ్లకు పుణ్యం. నాకు తెలుసు. తెలిసినా లోపల ఉడికిపోయాను. బతికున్నవాడి కోసం నేను ఉరుకుతుంటే పోయినవాడి కోసం ఈయన ఆగుతాడేంటి అనిపించింది. కానీ ఆ పాడె ముందు నోరు ఎత్తలేకపోయాను. నా నోటికి తాళం పడిన సందర్భాలు నా జన్మలో నాలుగో అయిదో, అందులో అదొకటి.

అట్లా ఖాళీ రిక్షాలో కూర్చున్నప్పుడే నాకా పాడు ఆలోచన వచ్చింది. దాచడం ఎందుకు, రాస్తాను. ఆయన ఎట్లాగూ నెలో రెండు నెలలో. పోతే రోగంతో పోయాడంటారు. ఎవరూ సీసా చూడరు, గాట్లు లెక్కపెట్టరు. నువ్వు మెల్లగా వెళ్లి కాగితం మార్చేస్తే నీ తప్పు నీకూ ఆయమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంత ఆలోచన నా బుర్రలోకే వచ్చింది, పక్కవాళ్లెవరూ చెప్పలేదు. వచ్చిన మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. మా బాపుతో అంత పెద్దగా వాదించేదాన్ని నేనేనా అనుకున్నాను.

పెద్దాయన ఆయాసపడుతూ వెనక్కి వచ్చాడు. "మాఫ్ కరో అమ్మా. కౌన్ థా మాలూమ్ నై" అన్నాడు. పోయినవాడెవరో కూడా ఆయనకు తెలియదు.

"చలో భాయ్" అన్నాను, అంతే.

ఇంకో ఫర్లాంగు పోయాక గొలుసు ఊడింది. అది ఎక్కించి, బహదూర్‌పురా గల్లీ మొదట్లో నేను దిగేసరికి పదీ నలభై.

మేస్త్రి మూలుగు ఎప్పుడూ గల్లీ మొదట్లోనే వినపడేది. రెండు వారాలుగా ఎంత మందు పంపినా ఆ మూలుగు ఆగేది కాదు. చుట్టుపక్కలవాళ్లు దానికి అలవాటుపడిపోయారు. ఆ పూట మాత్రం గల్లీలో ఏ శబ్దమూ లేదు. ఒక కోడి మట్టిలో కెలుక్కుంటోంది. గోడ పట్టుకుని నడిచాను.

తలుపు తోశాను. ఒకటే గది. ఆయన మంచం మీద వెల్లకిలా ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుని. పక్కన నేల మీద ఆయన భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే ఆవిడ, చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"చప్పుడు జెయ్యకు. పండుకున్నడు."

నేను వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేళ్లు పెట్టాను. వెచ్చగా తగిలింది. రొమ్ము మీద చేయి వేసి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి పద్నాలుగు. నమ్మకం కుదరక ఇంకో నిమిషం లెక్కపెట్టాను. మళ్లీ పద్నాలుగే. అయినా ఊరుకోక భుజం పట్టి కుదిపాను.

"కాకా! ఓ కాకా! లెవ్వు!"

చిన్నమ్మ చాట అవతల పెట్టి నా చేయి పట్టి లాగింది. "నీకేమన్న పిచ్చా? పదైదు దినాలకు కన్నంటుకున్నది, లేపుతవేంది?"

ఆయన కళ్లు తెరిచాడు. మూలుగే గానీ మాట పైకి రాదు, గుసగుసే. "ఏందమ్మా, గిట్ల అచ్చినవ్?"

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో వాళ్లకు తెలియదు. చిన్నమ్మ మంచినీళ్లు ఇచ్చింది. తాగి, గూట్లో ఉన్న సీసా తీసి చూశాను. నేను పొద్దున అంటించిన ఆరు గాట్ల కాగితం దాని మీద చక్కగా అతుక్కుని ఉంది. మందు మాత్రం మొదటి గాటు దాకా దిగలేదు. సగం దగ్గరే ఆగింది.

"పదింటికి మందు తాగించలేదా చిన్నమ్మా?"

"తాగించిన."

"మరి గాటు దాకా దిగలేదే?"

ఆమె చాట దగ్గరికి లాక్కుని బియ్యంలో రాళ్లు వెతకసాగింది. నేను మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే తల ఎత్తకుండా చెప్పింది.

"సగమే పోసిన. రోజు సగమే పోస్త."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నా గాటు పూటకు రెట్టింపు చూపింది, ఆమె అందులో సగం పోసింది. అంటే ఆ పూట ఆయనకు సరిగ్గా పడాల్సినంత మందు పడింది. అందుకే నిద్రపోయాడు. అంతకుముందు రెండు వారాలు, ఆరింటికీ పదింటికీ రెంటికీ, ప్రతి పూటా ఆయన సగం మందుతో బతికాడు.

భయం పోయింది, కోపం వచ్చింది. నా నోటి సంగతి చెప్పాను కదా.

"ఏం మనిషివి చిన్నమ్మా నువ్వు? మందు ఇంట్ల పెట్టుకొని మొగుణ్ణి ఏడిపించినవా? ఆయన మూలుగు గల్లీ అంత ఇన్నది, నీకు ఇనరాలేదా? ఏం జేస్తున్నవ్ మిగిలిన మందు?"

ఆమె లేచి మూలనున్న బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి ఒక షర్బత్ సీసా బయటికి తీసింది. పెద్ద సీసా, సగానికి పైగా నిండి ఉంది. అందులో ఉన్నదంతా నేను కలిపిన మందే, ఖాళీ సీసా వాపసు ఇచ్చేముందు మిగిలింది అందులో వంపుకునేదట.

"మొన్న కర్ఫ్యూల రెండు దినాలు మీ సైకిలాయన రాలే" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "మందు అయిపాయె. ఈయన గోడకు తల కొట్టుకున్నడు. పట్టుకుంటే నన్ను కరిచిండు. గిదో, చూడు." జాకెట్టు చేయి పైకి జరిపింది. పళ్ల గాయం మాని నల్లబడింది. "మల్ల గసొంటి దినం అస్తే నా చేతుల ఏమన్న ఉండాల్నా వద్దా? నువ్వే చెప్పు."

ఆ కర్ఫ్యూ నాకూ తెలుసు. రెండో రోజు సైకిల్ అన్న బయల్దేరితే పోలీసులు వెనక్కి తిప్పి పంపారు. మూడో రోజు పొద్దున నేనే వచ్చాను. ఖాళీ సీసా తీసుకుని నిండు సీసా ఇచ్చాను. ఆ రెండు రోజులు ఎట్లా గడిచాయి అని ఒక్క ముక్క అడగలేదు.

మంచం మీద నుంచి ఆయన చేయి ఊపాడు. దగ్గరికి వెళ్లి వంగితే గానీ వినపడదు.

"ఆమెను ఏమనకు బిడ్డా. నాకు ఎర్కనే."

"సగం పోస్తున్నదని నీకు ఎర్కనా?"

"నోట్లె పడంగనే తెల్వదా?" అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు, "దాచుకుంటున్నదని సమజైంది. దాచుకోనీ అనుకున్న. ఆ రెండు దినాలు నాకంటె ఎక్కువ ఆమెనే సచ్చి బతికింది."

ఇంతవరకు నేను చెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. అంతకు వారం ముందు, ఇదే మంచం పక్కన నిలబడి, చిన్నమ్మ ముందు, పక్కింటామె ముందు నేను ఆయనను అన్నాను. "ఇంత మందు తాగి ఇంక నొప్పి నొప్పంటవేంది కాకా? ఇది నొప్పి కాదు, మందు రుచి మరిగినవ్." కల్లుకు మరిగినవాణ్ణి తిట్టినట్టు తిట్టాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దొరికిపోయాడు కాబట్టి మొహం చాటేశాడనుకున్నాను. సగమే పోస్తున్నదమ్మా అని ఒక్క మాట అంటే ఆయన మీది నింద పోయేది, నొప్పీ పోయేది. అనలేదు. అంటే భార్య దొరికిపోతుంది.

ఆయన కాళ్లు పట్టుకున్నాను. దుప్పటి కింద కర్రపుల్లల్లా తగిలాయి. "తప్పయింది కాకా" అన్నాను.

"లెవ్వు, లెవ్వు" అన్నాడు. "ఎంత పొయ్యాల్నో ఆమెకు మంచిగ సమజ్ చెయ్యి."

అప్పుడు నా తప్పు కూడా చెప్పాను. పొద్దున లొల్లి పెట్టుకుంటూ కాగితం మార్చి అంటించాననీ, గాటు దాకా పోసి ఉంటే ఆయన మళ్లీ లేచేవాడు కాకపోవచ్చుననీ, ఇద్దరికీ వినపడేలా చెప్పాను. చిన్నమ్మ సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత అడిగింది.

"మల్ల నీ గాటు తప్పితే?"

తప్పదు అని ఎట్లా అనగలను? తడి గుడ్డతో ఆ ఆరు గాట్ల కాగితాన్ని ఊడబీకాను. కుండలో నుంచి నాలుగు అన్నం మెతుకులు తీసుకుని మెదిపి, రుమాలులోని కాగితం అంటించాను. మందు సరిగ్గా మొదటి గాటు దగ్గర నిలిచింది. చిన్నమ్మ చేత ఒక్కొక్క గాటు మీద వేలు పెట్టించి లెక్కపెట్టించాను. "పన్నెండు ఉంటెనే పొయ్యి. ఒక్కటి తక్కువున్నా, ఎక్కువున్నా సీసా వాపస్ పంపు. నన్ను తిట్టి పంపు." ఆమె ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టింది.

మిగిలిన నొప్పి మందు వాపసు తీసుకోవడం మా దగ్గర రూలు. షర్బత్ సీసా చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇక కర్ఫ్యూ రాదు అని ఆమెతో అనగలిగితే తీసుకుపోయేదాన్నే. దానికీ ఇంట్లో దొరికిన ఒక కాగితానికి గాట్లు పెట్టి అంటించి, మందు రాని రోజున తప్ప ముట్టొద్దని చెప్పి, ఆమెకే ఇచ్చేశాను. సాయంత్రం జరిగిందంతా చెబితే డాక్టరమ్మ నన్ను కడిగిపారేసింది. కాగితాలు తారుమారు చేసినందుకు ఒకసారి, షర్బత్ సీసా వదిలి వచ్చినందుకు ఇంకోసారి. ఆ తర్వాత వారం తిరక్కుండా ప్రతి ఇంటికీ రెండు రోజుల మందు ఎక్కువ ఇవ్వమని రాసింది.

కానీ అది సాయంత్రం మాట. అప్పటికింకా మధ్యాహ్నమే. నేను వెళ్లలేకపోయాను, రెండింటి పూట చూసే పోదామని కూర్చున్నాను. చిన్నమ్మ ఇంత అన్నం, పచ్చిపులుసు పెడితే తిన్నాను. ఆయన పడుకుని రేకుల కప్పు వైపు చూస్తున్నాడు.

రెండయింది. చిన్నమ్మ చిన్న గ్లాసు తెచ్చి సీసా వంచింది. కొంచెం పోసి, సీసా నిలబెట్టి చూసింది. సగం దగ్గర ఆగిపోయింది, చేతికి అదే అలవాటు. గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. పొయ్యి అని నేనే చెప్పాలి. పొద్దున నేను చేసిన పని గుర్తొచ్చి మళ్లీ గాట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మంచం మీద నుంచి ఆయనే అన్నాడు, "పొయ్యవే. బిడ్డ ఈడనే ఉన్నది గద."

చిన్నమ్మ గాటు దాకా పోసింది.